శాంత పోసిన సాక

కోరుట్లలో భూమన్నను ముక్కు భూమన్న అనేవారు, ముద్దుగానే. దుబాయిలో పెద్ద హోటల్ బార్‌లో పనిచేసిన మనిషి. గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తే చాలు, అందులో ఏ సరుకుందో చెప్పేసేవాడు. అంతటివాడు చుక్క ముట్టడంటే ఊళ్లో ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి.

కరోనా జ్వరం వచ్చింది, తగ్గింది. పోతూ పోతూ ఆ ముక్కును కూడా పట్టుకుపోయింది! వాసన తెలియనివాడితో బార్‌లో ఏం పని? ఇంటికి పంపేశారు. వచ్చేటప్పుడు అక్కడి పెద్దాయన ఒక సీసా చేతిలో పెట్టాడు. జపాన్ విస్కీ. నాలుగైదు రకాల విస్కీలు కలిపి, చివరికి షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారా నిలవ ఉన్న పీపాల్లో కొన్నాళ్లు ఉంచుతారు. ఆ కట్టెకు పట్టిన ఎండుద్రాక్ష వాసన విస్కీలోకి దిగుతుంది. భూమన్నకు లోకంలో అన్నిటికంటే ఇష్టమైన వాసన అదే.

ఇంటికొచ్చి ఏడాది దాటినా, రోజూ పొద్దున్నే బీరువాలోంచి సీసా తీసి, మూత తిప్పి, కళ్లు మూసుకుని పీల్చేవాడు. ఏమీ లేదు, మంచినీళ్ల సీసా పట్టుకున్నట్టే. పోయిన ముక్కు ఎప్పటికైనా ఆ సీసాలోంచే తిరిగొస్తుందని అతని నమ్మకం. బతకాలి గనక బస్టాండు దగ్గర చాయ్ బండి పెట్టాడు. పాలు మాడినా తెలిసేది కాదు, గిరాకీ ముఖం చూసి తెలుసుకోవాల్సిందే. దుబాయి దోస్తు మధుకర్ సిరిసిల్లలో దసరాకు బార్ తెరుస్తున్నాడు. ముక్కు వస్తే చాలు, కౌంటర్ నీదే అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి భూమన్నకు తిండి సయించడం లేదు.

భార్య శాంత ఇదంతా చూసింది. పోచమ్మకు బోనమెత్తి, గుడి ముందు నేల మీద కల్లు ధారగా సాక పోస్తానని మొక్కుకుంది. ముక్కు వచ్చాకే పోస్తాననలేదు. అమ్మతో బేరమేంది, ముందే పోస్తే పోలా అనుకుంది.

శ్రావణమాసం, ఆదివారం. ఊరంతా బోనాలే. పైగా ముసురు, కల్లు గీసేవాళ్లు చెట్లెక్కలేదు. శాంత కల్లు కోసం పోయి ఖాళీ లోటాతో తిరిగొచ్చింది. సాక లేకుండా అమ్మ ముందు ఏ ముఖంతో నిలబడాలి? బీరువా తెరిచింది. ఊళ్లో ఎవరూ పోయనిది పోస్తే అమ్మకు ఇంకా సంతోషమే కదా! సీసా కొంగుచాటున పెట్టుకుని బయల్దేరింది.

కొబ్బరికాయ పట్టుకుని వెనక వస్తున్న భూమన్న, గుడి ముందు ఆమె కొంగుచాటు నుంచి సీసా తీసేదాకా చూడలేదు. ఆగమని అరిచాడు. డప్పుల మోతలో ఎవరికి వినపడుతుంది? జనాన్ని తోసుకుని వెళ్లేసరికి ఆఖరి చుక్క కూడా నేలలోకి ఇంకిపోయింది.

భూమన్న మోకాళ్ల మీద కూలబడ్డాడు. తడిసిన మట్టిని రెండు చేతులా తువ్వాలలోకి ఎత్తుకుని, అందులో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. అంతమందిలో సిగ్గు కూడా పడలేదు.

"అమ్మకు పోసింది యాడికి పోతది? నీ ముక్కు కోసమే పోసిన" అంది శాంత.

భూమన్న వెక్కి వెక్కి ఏడుస్తూ గట్టిగా ఊపిరి పీల్చాడు. ఏడుపు ఆగిపోయింది. మళ్లీ పీల్చాడు.

"శాంతా, మన్ను వాసనస్తుంది."

శాంత బోనానికి చుట్టిన వేపాకు తుంచి అతని ముక్కు దగ్గర పెట్టింది. కళ్లు మూసుకునే యాపాకు అన్నాడు. తన అరచెయ్యి పెట్టింది. పసుపు అన్నాడు. చివరికి ఆ తువ్వాలనే చూపించి, భయం భయంగా అడిగింది.

"మరి గిది?"

భూమన్న చాలాసేపు పీల్చాడు.

"ఎండుద్రాక్ష. శానా దూరంల ఉన్నది. గని ఉన్నది."

శాంతకు కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకుంటూనే మొగుణ్ని కసిరింది.

"నీ ముక్కు గా సీసలనే ఉన్నదని ముందుగాల జెప్తే పోయిన శ్రావణంలనే పోస్తుంటి గద!"