పూర్తిగా తగ్గిందని రాసి, సిరొంచకు బయలుదేరాను

నేను మంచిర్యాలలో గడియారాలు బాగుచేసేవాణ్ణి. రెండేళ్ల కిందట నాకు భయం జబ్బు పట్టుకుంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, ఎవరో నన్ను పట్టుకుపోవడానికి వస్తున్నట్టు ఉండేది. నెలల తరబడి గడప దాటలేదు. నా భార్య లచ్చవ్వ ఓపిక పట్టినంత పట్టి సిరొంచలోని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అన్న నన్ను పట్నం ఆసుపత్రిలో చేర్చాడు. నాలుగు నెలలకు, "ఇది మళ్లీ మళ్లీ రావచ్చు, మాత్రలు మానకు" అని చెప్పి పంపారు. నేను మాత్రం మామకు "పూర్తిగా తగ్గింది, లచ్చవ్వను పంపండి" అని ఉత్తరం రాశాను. ఆమె రాలేదు. "నువ్వే వచ్చి అడుగు" అని మామ ఒక్క ముక్క రాయించాడు. వెళ్లకపోతే ఇక కాపురం లేనట్టేనని అర్థమై, మాత్రలు ఎవరికీ కనబడకుండా మూట అడుగున పెట్టుకుని బయలుదేరాను.

అది 1956 దీపావళి వెళ్లిన వారం. ప్రాణహితకు ఇవతల మేం ఆంధ్రప్రదేశ్ వాళ్లమయ్యాం, అవతల సిరొంచ బొంబాయి రాష్ట్రంలో కలిసింది. పొద్దున ఆరున్నరకు చెన్నూరు బస్సు ఎక్కాను. టికెట్టు ముప్పావలా. చెన్నూరులో ఇడ్లీ తిని, నది ఒడ్డుకు వెళ్లే ఎడ్లబండిలో కూర్చున్నాను. ఆరు గంటల దారి, ఒళ్లు హూనమవుతుంది. కింద పరుచుకోవడానికి దుప్పటి తెచ్చుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మూడింటికి ఒడ్డు చేరాం.

పడవ నడిపే పోచం అరవై దాటిన మనిషి. జనం ఎక్కగానే ఆయన రోజూ అడిగే మాట ఒకటుంది. "భయమున్నోళ్లు ఎవలు? ముందుగాల్నే చెప్పుండ్రి, నా కాళ్లకాడ కూసోవాలె." అలాంటి వాళ్ల చేతికి ఒక రేకు డబ్బా ఇచ్చి, పడవలోకి ఊరే నీళ్లు తోడిస్తాడు. ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతూ చేతులెత్తి వెళ్లి కూర్చున్నారు. నేను గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు కండువా సర్దుకుని, వాళ్లకు దూరంగా పడవ ముందు కొసన కూర్చున్నాను. పూర్తిగా తగ్గిన మనిషిని కదా!

నది నడిమికి వచ్చాం. నీళ్లు పైపైకి లేస్తున్నట్టనిపించి, దిగిపోవాలని లేచి నిలబడ్డాను. పడవ ఒరిగింది, ఆడవాళ్లు కెవ్వుమన్నారు. పక్కనున్న సిరొంచ బట్టల వ్యాపారి ఖాదర్ మియా నా నడుము పట్టుకుని కిందికి గుంజాడు.

"కూసో!" అని అరిచాడు పోచం. "భయమున్నదని చెప్తే నీ సొమ్మేం బోతుండె?" కాసేపటికి గొంతు తగ్గించి డబ్బా నా వైపు పంపించాడు. "ఇగో, పట్టు బిడ్డా. భయం పోవాలని చూడకు. నీళ్లు తోడు."

తోడాను. భయం పోలేదు, సగం నీళ్లు నా మీదే పోసుకున్నాను. అయినా ఒడ్డు తగిలేదాకా తోడాను.

దిగాక ఖాదర్ మియా నేనెవరింటికి వచ్చానో అడిగి, మామ పేరు చెప్పగానే ఆగిపోయాడు. "మల్లయ్య అల్లునివా? ఆయన నాకు దోస్తు." జర ఆలోచించి నా భుజం తట్టాడు. "పరేషాన్ కాకు బేటా. పడవల సంగతి నేనెవలకు చెప్ప. తగ్గిందనే అను. ఇల్లు నిలవాలె గద." మంచి మనసుతో అన్న మాట. దారి పొడవునా దాన్నే వల్లెవేసుకుంటూ నడిచాను.

మామ వాకిట్లో తాడు పేనుతున్నాడు. లచ్చవ్వ కాళ్లకు నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, పక్కకు జరిగి నిలబడింది. ముఖం చిక్కిపోయింది.

"పూర్తిగ తగ్గిందా?" అని అడిగాడు మామ.

అవునంటే చాలు. కానీ ఆమె ఎదుట నా నోటికి ఆ మాట రాలేదు. మునిగినవాడికి చలేమిటి అనుకున్నాను. "తగ్గలేదు మామా. ఉత్తరంల అబద్ధం రాసిన. ఇందాక పడవల లేచి నిలబడ్డ, అందర్ని ముంచుతుంటి. మల్ల రావచ్చు అన్నరు డాక్టర్లు."

మామ తాడు పక్కన పెట్టి కూతురి వైపు చూశాడు.

"పూర్తిగ తగ్గిందని రాసినవు గద, గందుకే రాలే," అంది లచ్చవ్వ. "నాకెర్కలేదా? అప్పుడు గిట్లనే, ఏం లేదు ఏం లేదు అనుకుంట లోపట గడియ పెట్టుకుంటివి. బువ్వ పట్టుకొని బయట కూసుండేదాన్ని. చచ్చినవో బతికినవో తెల్వకపోయేది. నీ జబ్బుకు భయపడలే నేను. ఆ గడియకు భయపడ్డ." అని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. రెండో రోజు పొద్దున ఆమె బట్టలు మూట కట్టుకుంది.

జబ్బు నాతోనే ఉంది. మొన్న కూడా రెండు రోజులు దుకాణం తెరవలేదు. భయం పోయాక ధైర్యం వస్తుందని ఇన్నాళ్లూ కాచుకు కూర్చోవడం తెలివితక్కువ పని అని మాత్రం తెలిసింది. ఈ దారిన వెళ్లేవారిలో నాలాంటి జబ్బున్నవారుంటే, మాత్రలు మూటలో అడుగున పెట్టకండి, చేతికందేలా ఉంచుకోండి. నావి ఇప్పుడు లచ్చవ్వ కొంగు ముడిలో ఉంటాయి. అవసరమైనప్పుడు నలుగురిలోనైనా సరే, అడిగి తీసుకుంటాను.