ముందు చక్రాలకు కొత్త టైర్లు

మొన్న మా బావగారి మనవడు కొత్త కారు కొని నాకు చూపించడానికి తీసుకొచ్చాడు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, బజారు దాకా తిప్పి తెచ్చి, ఇంటి ముందు దించుతూ, "భయపడొద్దులే జేజీ, మన చిన్న జేజినాయన మాదిరి నేను దూకుడుగా తోలను" అని నవ్వాడు. ఆ చిన్న జేజినాయన అంటే మా ఆయన. ఆయన తోలిన ఆ కారు సంగతి జరిగేనాటికి వీడు కాదు, వీడి తండ్రే పాలపళ్ళు ఊడని పిల్లవాడు. ఇంట్లో తరతరానికీ అప్పజెబుతూ వచ్చిన మాట ఒకటుంది, వీడు కూడా అదే నేర్చుకున్నాడు. వీడి మీద నాకు కోపం రాలేదు. ఆ మాట నేర్పినవాళ్ళ మీద వచ్చింది. వాళ్ళలో చాలామంది పోయారు గాని, నా కోపం మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

అవి యుద్ధం రోజులు. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలోది, పైన మద్రాసు ప్రభుత్వం. మా అత్తగారింటివాళ్ళకు పలకల గనులు ఉండేవి. ఊరంతా ఎప్పుడూ బూడిదరంగు పొడి. కిటికీ రెక్కల మీద, ఆరేసిన చీరల మీద, ఒక్కోసారి అన్నంలో కూడా. గనుల పెత్తనం బావగారిది. మనుషులు, దేవుడు, ముహూర్తాలు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. తమ్ముడి చేతికి యంత్రాలు మిగిలాయి. నల్లమలలో అడవి ఆఫీసరుగా ఉన్న ఒక తెల్లదొర తన దేశానికి వెళ్ళిపోతూ కారును మా ఆయనకు అమ్మిపోయాడు. పందేల కోసం చేసిన కారట అది. గుడ్డ పైకప్పు, రెండే సీట్లు, ముందు ఇంజను పెట్టె మాత్రం మా వసారా అంత పొడుగు. మా అత్త దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఇదేందిరా, మూతి ఇంత పొడుగుంది, కూర్చునేదానికేమో చోటు లేదు" అని పెదవి విరిచింది.

పొద్దున లేవగానే మా ఆయన దేవుడికి దండం పెట్టుకున్నారో లేదో గాని, కారుకు మాత్రం ప్రదక్షిణ చేసేవారు. ఒక్కో చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరును అరచేత్తో తడిమేవారు, గాలి చూసేవారు, గాడుల్లో ఇరుక్కున్న రాళ్ళను నా కొప్పుపిన్నుతో తీసేవారు. పెట్రోలును నా పాత వాయిలు చీర ముక్కతో వడకట్టి పోసేవారు. ఇంజను నూనెను రెండు వేళ్ళ మధ్య నలిపి, గరగరలాడితే మార్చేసేవారు, మా ఊరి పొడి చొరబడని చోటు లేదు మరి. స్టార్టు చేశాక ఇంజను వేడెక్కేదాకా బండిని కదిలించేవారు కాదు. "నిద్ర లేచినోణ్ణి లేచినట్టే పరిగెత్తమంటే ఎట్ల?" అనేవారు. ఈ న్యాయం నాకు వర్తించేది కాదు. నేను కళ్ళు నులుముకోకముందే కాఫీ అడిగేవారు.

ఆ కారుకు ఎంత బలముందో చెప్పడం నాకు చేతకాదు. ఆయన కాలు గట్టిగా ఆన్చితే నా వీపు సీటుకు అంటుకుపోయింది. అట్లా ఆన్చింది కూడా ఒక్కసారే, కంభం దారిలో తిన్నని రోడ్డు మీద, నేను బతిమాలితే. మిగిలినప్పుడంతా నాకు విసుగొచ్చేంత నెమ్మది. మలుపు కనపడగానే ముందే వేగం తగ్గించేవారు. మలుపులో బ్రేకు తొక్కరు, బండి మళ్ళీ తిన్నగా అయ్యేదాకా ఇంజను రేగనివ్వరు. తడి కనపడితే నెత్తిన నీళ్ళకుండ పెట్టుకున్నట్టు తోలేవారు. ఎద్దులబండి కూడా మనల్ని దాటిపోయేట్టుందని నేను ఎగతాళి చేస్తే అప్పుడు చెప్పారు. "ఎద్దులు బండిని ముందుండి లాగుతాయి. ఇది అట్ల కాదు. ఇంజను ముందున్నా దాని బలమంతా పోయేది వెనక చక్రాలకే. ఎవడో మల్లయోధుడు మనల్ని వెనకనుంచి నెడతాండాడనుకో. వాని కాలు జారితే మన తోక పక్కకు తిరిగిపోతాది. ముందు టైర్లు ఎట్లున్నా కొంత ఓర్చుకోవచ్చు, వెనకవి మాత్రం నేలను పట్టుకోవాల." నాకు చదువు అంతంత మాత్రమే. అయినా ఆ మాట అర్థమైంది, ఇన్నేళ్ళయినా మరవలేదు.

ఆ ఇంట్లో కారును ఇష్టపడిన ఆడది నేను గాక ఇంకొకరే, మా తోడికోడలు, బావగారి భార్య. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. పుట్టిల్లు గిద్దలూరు. బొద్దు మనిషి, నవ్వితే ముక్కుపుడకతో సహా ఊగేది. బావగారి ముందు నోరెత్తేది కాదు గాని, కారెక్కితే కొంగు తలకు బిగించుకుని, "మరిదీ, ఆ బర్రెలు మనల్ని జూసి నవ్వుతాండాయి, రోంత తొందరగా పోనీ" అని మా ఆయన్ని ఆటపట్టించేది. ఆయన నవ్వేవారే తప్ప వేగం పెంచేవారు కాదు.

యుద్ధం వల్ల టైర్లకు పర్మిట్టు కావాలి. మా ఆయన కర్నూలుకు తిరిగి తిరిగి చివరికి రెండే సంపాదించారు. ఎంత మురిసిపోయారంటే, కొత్త రబ్బరు వాసన చూడమని నా ముక్కు దగ్గర పెట్టారు. రెండూ వెనక చక్రాలకే వేశారు. బాగా అరిగిపోయిన పాతవి ముందుకు వెళ్ళాయి. తర్వాత ఏదో పని మీద రైలెక్కి నంద్యాల పోయారు. దసరా ముందు మాట ఇది.

మహర్నవమికి మా ఇంట్లో ఆయుధపూజ పెద్ద ఎత్తున జరిగేది. గని ఉలులు, సుత్తులు, గడ్డపారలు, గనిలో నీళ్ళు తోడే ఇంజను, ఆ ఏడాది కారు కూడా. ఊళ్ళో పెద్దలంతా చూడ్డానికి వస్తారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ అన్నీ పడేది బండి ముఖానికే గదా. ముఖాన బోడి టైర్లు పెట్టుకుని నలుగురికీ చూపించడం బావగారికి నామోషీ అనిపించింది. ఆ కారు చక్రాలు మధ్యలో ఒక పెద్ద నట్టుతో బిగించి ఉండేవి. సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే ఊడివస్తాయి. ఉలులకు పదును పెట్టే కమ్మరిని పిలిచి, వెనకవి ముందుకు, ముందువి వెనక్కు మార్పించేశారు. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ మూడు రోజులూ నేను బయట చేరి పెరటి గదిలో ఉన్నాను, పూజ దరిదాపులకు పోయే వీల్లేదు.

విజయదశమి పొద్దున మా ఆయన రైలు దిగి వచ్చేసరికి కారు వాకిట్లో పూలతో తయారుగా ఉంది. అక్క తల్లికి బాగాలేదని గిద్దలూరు నుంచి కబురొచ్చింది. రైలుకు పోతానని ఆమె అంటే బావగారు ఒప్పుకోలేదు. పూజ చేసిన బండి దశమి నాడు మొదటి ప్రయాణం చేయాలి, ముహూర్తం కూడా చూసి పెట్టారు. మా ఆయన అలవాటు కొద్దీ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరుకు మందంగా పూసిన పసుపు తుడవబోయారు. నేను పెరటి గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను.

"ఒరేయ్, ఏంది నువ్వు జేసేది?" అని బావగారు అరిచారు. "దేవుని ముందర పెట్టినదాన్ని పరీక్ష చేస్తావా? ప్రయాణం అయ్యేదాకా ఆ పసుపు చెరపగూడదు. లెయ్, ముహూర్తం దాటిపోతాది."

"టైర్లు ఒకసారి చూసి..."

"నువ్వేసిన టైర్లే గదరా, ఎక్కడికి పోతాయి?"

తాను వేసినవే గదా అని ఆయనా అనుకున్నారు. లేచారు. అన్న మాటకు ఎదురు చెప్పిన మనిషి కాదు. అక్క కొంగు తలకు బిగించుకుంటూ నా వైపు చూసి చెయ్యి ఊపింది.

ఊరు దాటాక గనుల దగ్గర ఒక మలుపుంది. బండ్లలోంచి రాలిన పలకరాతి పొడి అక్కడ రోడ్డు మీద మందంగా పేరుకుంటుంది. అప్పుడే చిన్న జల్లు పడింది. ఆ పొడి తడిస్తే సబ్బు రుద్దిన బండరాయే. మా ఆయన ఎప్పటిలాగే ముందే నెమ్మది చేశారట. ముందు టైర్లు కొత్తవి, చెప్పిన వైపుకు చక్కగా తిరిగాయి. వెనకవి నున్నగా ఉన్నాయి, నిలవలేదు. తోక గిర్రున తిరిగి, రోడ్డు పక్కన పేర్చిన రాళ్ళ వరసను కొట్టింది. అక్క ఎగిరి ఆ రాళ్ళ మీద పడింది. మళ్ళీ లేవలేదు. మా ఆయన కాలు విరిగింది.

మంచం మీద పడి ఉన్న మనిషి నాతో అన్న మొదటి మాట, "వెనక టైర్లు ఎట్లుండాయో చూసిరా." ముక్కలైన కారును కొట్టంలో పడేసి ఉన్నారు. వెళ్ళి చూశాను. ముందు టైర్ల మీద కొత్త రబ్బరు నూగు కూడా ఇంకా పోలేదు. వెనకవి నా అరచేయి కంటే నున్నగా ఉన్నాయి. కమ్మరిని అడిగితే, "పెద్దయ్య మార్చమన్నాడమ్మా" అన్నాడు. వచ్చి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, "ఎవరితో అనాకు. అన్న తట్టుకోలేడు" అన్నారు.

నేను వినలేదు. అప్పటికే ఊరంతా ఒకటే మాట. పందేల బండి, పొగరు, దూకుడు, వదినను పొట్టన పెట్టుకున్నాడని. ఆ మాట మొదలైంది బావగారి నోట్లోంచే. దినాలయ్యాక బంధువులంతా వసారాలో ఉండగా నేను గడప దాటి వచ్చి అడిగేశాను. "బావా, టైర్లు మీరు మార్పించలేదా? ఆ బండిని నెట్టేది వెనక చక్రాలని ఆయన వంద మార్లు చెప్పలేదా?"

ఆయనేమీ దాచుకోలేదు. "మార్పించినా, అయితే ఏంది? మంచివి ముందర పెట్టినా. ఏ బండికైనా బలముండాల్సింది ముందరనే. ఎద్దుల్ని ఎక్కడ కడతారమ్మా, ముందరా, వెనకా?" అన్నారు. వసారాలో ఉన్నవాళ్ళంతా తలలూపారు. అందరూ సేద్యగాళ్ళే, అందరికీ ఎడ్లున్నాయి. వాళ్ళకు అంతకంటే రుజువు ఏం కావాలి? ఒక పెద్దాయనైతే నన్ను చూసి జాలిపడ్డాడు కూడా, మొగుడి కోసం పాపం ఏదేదో అల్లుతోందని.

మా ఆయన ఒక్క మాట చెబితే చాలు. మంచం వసారాలోనే ఉంది. నేను ఆయన వైపు చూశాను, అందరూ చూశారు. ఆయన అన్న ముఖం చూశారు, ఆ పక్కన గుండుతో కూర్చున్న అక్క పిల్లల్ని చూశారు. "టైర్లదేం లేదు. తోలింది నేను. తప్పు నాదే" అన్నారు.

ఆ రోజు నాకు వచ్చిన కోపం బావగారి మీద కంటే మా ఆయన మీద ఎక్కువ. నలుగురిలో నన్ను అబద్ధాలకోరును చేశారు. దాన్ని త్యాగమని ఎవరైనా అంటారేమో, అననివ్వండి. ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయి కూడా మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. కుంటికాలితో ఆయన వీధిలో పోతుంటే తల్లులు పిల్లల్ని ఇంట్లోకి లాక్కునేవారు. ఆయన మళ్ళీ ఏ బండీ తోలలేదు. బస్సుల్లో కూడా మలుపుల దగ్గర ఆయన ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం నేనొక్కదాన్నే చూశాను.

చాలా ఏళ్ళకు బావగారు పోయారు. తమ్ముణ్ణి క్షమించానని నలుగురి ముందు చెప్పి మరీ పోయారు. ఆ మాట విన్నప్పుడు నా ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి, "ఇంక తట్టుకోవాల్సిన మనిషి లేడు గదా, ఇప్పుడన్నా చెప్పండి" అన్నాను.

ఆయన కుంటికాలిని చేతులతో ఎత్తి మంచం మీద పెట్టుకున్నారు. తర్వాత, "ఇప్పుడు చెప్తే తప్పంతా సచ్చినోడి మీద నెడతాండాడంటారు" అన్నారు. నిజమే, అలాగే అని ఉండేవారు. మరుసటి ఏడే ఆయనా వెళ్ళిపోయారు. ఆ టైర్లు మార్చిన కమ్మరి అంతకుముందే పోయాడు. ఎన్నేళ్ళు గడిచినా ఆ అబద్ధం కాస్తయినా అరగలేదు. కాలం అరగదీసింది నిజం తెలిసిన మనుషుల్ని, ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను.