పెద్దగోల కోటు

మా అక్క ముప్పై ఏళ్ళుగా రాక్ బృందాల వాళ్ళకు స్టేజి బట్టలు కుడుతోంది. ఆ సంగీతం మాత్రం ఆమెకు ఒక్క ముక్క నచ్చదు. ఒకే బృందంలో అన్నదమ్ములిద్దరుంటే, పాడే అన్నకు పెద్దగోల అనీ, వెనక డ్రమ్ములు వాయించే తమ్ముడికి చిన్నగోల అనీ పేర్లు పెట్టేసింది. ఊళ్ళు ఊగిపోయేలా పాడేవాడు, మా కొట్టుకు ఫోన్ చేస్తే "నేనక్కా, పెద్దగోలని" అనేవాడు. అక్క దగ్గర అందరూ పిల్లుల్లా ఉండేవాళ్ళు.

నేను ఆమె చెల్లెల్ని. కాజాలు కుట్టేదీ, గుండీలు పెట్టేదీ, వచ్చిన వాళ్ళతో పోట్లాడేదీ నేనే. కొలతలు మాత్రం అక్క పని. తెర వెనక్కి తీసుకెళ్ళి, టేపు చుట్టి, పుస్తకంలో తనే రాసుకుంటుంది. ఎవరైనా పోతే వాళ్ళ పేజీకి చిల్లు పెట్టి నల్లదారం ముడివేస్తుంది. ఒక గిటారిస్టుకు, కచేరీలు కుదిర్చే లావుపాటి మేనేజరుకు, పేపర్లో రెండు లైన్లు కూడా రాని ఒక సౌండ్ ఇంజనీరుకు, అలా మూడు దారాలున్నాయి ఆ పుస్తకంలో.

మంగళవారం పొద్దున పదిన్నరకు రేడియోలో చెప్పారు, పెద్దగోల పోయాడని. పదకొండు రోజుల కిందట స్టేజి మీద రెండు గంటలు గెంతినవాడు! ఏడాదికి పైగా జబ్బట. ఎవరికీ తెలియదట. నా చేతిలోని డబ్బా జారిపోయి కొట్టు నిండా గుండీలు దొర్లాయి.  అక్క ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. అయ్యో అనలేదు.

ఆమెకు చేతులు ఆడటం లేదేమోననుకుని, దారం నేనే కడదామని పుస్తకం తీశాను.

"వద్దే. అక్కడ పెట్టు," అంది.

నేను వింటానా? పెద్దగోల పేజీ తిప్పాను. ఛాతీ నలభై రెండు. కింద నలభై. దాని కింద ముప్పై తొమ్మిది. పద్నాలుగు నెలల్లో ఆరుసార్లు కొలిచింది. చివరిది ముప్పై నాలుగు. 

"అక్కా, నీకు తెలుసా?"

"తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"తమ్ముడికి కూడానా?"

"వాడికైతే అసలు చెప్పొద్దన్నాడు."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఈ ఏడాదిలో పెద్దగోల గడ్డం పెంచాడు, మా కొట్లోకి వచ్చినా నల్లకళ్ళద్దాలు తియ్యడు, ఎండాకాలంలో కూడా మేం కుట్టిన నల్ల వెల్వెట్ కోటు విప్పడు. అదంతా షోకు అనుకుని నవ్వుకున్నాం. ఆ కోటుకు గుండీలు కుట్టింది నేనే. తరవాత అక్క దాన్ని మాటిమాటికీ మేడమీద గదికి తీసుకెళ్ళి ఏం చేసేదో నేనెప్పుడూ అడగలేదు. మూడు రోజులు ఆమెతో మాటలు మానేశాను.

శుక్రవారం మధ్యాహ్నం చిన్నగోల వచ్చాడు. చేతిలో అదే కోటు. ఆదివారం సంస్మరణ కచేరీ ఉందనీ, అన్న పాటలు తనే పాడతాననీ, డ్రమ్ముల దగ్గర వేరేవాళ్ళు కూర్చుంటారనీ చెప్పాడు.

"మా ఇద్దరిదీ ఒకే కొలత కదక్కా. కానీ ఇది నాకు పట్టడం లేదు. లావైనట్టున్నాను. కాస్త వదులు చేసిపెట్టండి."

"కొత్తది కుట్టి ఇస్తాను నాయనా. దీన్ని ముట్టుకోవద్దు," అంది అక్క.

ముప్పై ఏళ్ళలో ఆమె ఒక పని కాదనడం నేను చూడలేదు. అతను తెల్లబోయి చూశాడు. తరవాత స్టూలు మీద కూలబడ్డాడు.

"రోజూ వాడి వెనకాలే కూర్చున్నానక్కా. ఏడాది పైన! వాడు చిక్కిపోతుంటే నాకు కనబడలేదు. సొంత అన్నని చూసుకోలేనివాణ్ణి, నేనేం మనిషిని? కళ్ళుండి ఏం లాభం?"

అక్క మొహం పాలిపోయింది. మాట నిలబెట్టుకుంటే ఈ మనిషి జన్మంతా ఇలాగే కుమిలిపోతాడు. ఆ సంగతి ఆమెకు తెలుస్తోంది, నాకూ తెలుస్తోంది. చెప్పవే తల్లీ అని లోపల మొత్తుకున్నాను.

 అక్క కోటు లోపలి వైపు బయటికి తిప్పి బల్ల మీద పరిచి, చిన్న కత్తెరతో లైనింగు కుట్లు విప్పింది. ముందు వైపు ఒకటే పల్చని స్పాంజి పొర ఉంది. వెనక వైపు, భుజాల నుంచి నడుము దాకా, ఒకదానిమీద ఒకటి ఐదు పొరలు. కండ ఎక్కడ ఉండాలో అక్కడ, ఎంత ఉండాలో అంత, సన్నటి కుట్లతో.

చిన్నగోల వాటిని వేలితో లెక్కపెట్టాడు.  తరవాత తలెత్తి అడిగాడు.

"జనం ఉండేది ముందు వైపు కదా? వెనక ఎందుకు ఇన్ని?"

"జనం మాట మీ అన్న ఒక్కసారి కూడా ఎత్తలేదు నాయనా. తొడుక్కోగానే వెనక్కి తిరిగి నిలబడేవాడు. 'తమ్ముడికి తెలిసిపోతుందా అక్కా' అని అడిగేవాడు. తెలియదులే అనేదాన్ని. నా కుట్టు అలాంటిది. నీ కళ్ళ తప్పు ఏమీ లేదు. తప్పు నా చేతులది."

అంటూనే ఏడ్చేసింది. ఆ మొదటి పొర కుట్టు విప్పబోతే చిన్నగోల ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అవి తియ్యకండి."

"బిగుతుగా ఉంటుందిరా. ఊపిరాడదు, పాడలేవు."

"ఉండనివ్వండి."

వాళ్ళిద్దరూ అలా చేతులు పట్టుకుని ఉంటే, నేను వెళ్ళి కోటు తిరగేసి చూశాను. మూడు రోజుల తరవాత అక్కతో అప్పుడు మాట్లాడాను.

"పొరలు ఉండనీ అక్కా. గుండీలు అంచుకు జరుపుతాను, ఆ మాత్రం వదులు సరిపోతుంది."