ఊఁ కొట్టే మెకానిక్

మా ఆయనంటే నాకు ఒళ్ళుమంట. ముప్పై ఏళ్ళుగా ఆయన ఆంప్లిఫయర్లు బాగుచేస్తుంటే, పక్క స్టూలు మీద కూర్చుని సోల్డరింగు చేసేది నేను. ఒకప్పుడు స్పీకరుకి చెవి ఆనించి "ట్రాన్సిస్టరు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే అదే. అంత చెవి!

రెండేళ్ళ కిందట ఉన్నట్టుండి ఎవరో వద్దనుకున్న పాత కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని సౌండ్ కార్డుకి వైరు తగిలిస్తే ఆంప్లిఫయరులోని సిగ్నలు తెర మీద అలలా కనపడుతుంది. అల తల తెగినట్టుంటే మోత పగులుతోందన్నమాట. "ఇదే మన ఆసిలోస్కోపు" అని మురిసిపోయాడు. సౌండ్ కార్డు ఒక వోల్టుకు మించి తట్టుకోదని, రెసిస్టర్లు, డయోడ్లు పెట్టి చిన్న రేకు డబ్బా చేశాడు. ఏ వైరైనా దాని గుండానే పోవాలి. ట్రాన్స్‌ఫార్మరు లేకుండా నేరుగా కరెంటు మీద నడిచే సెట్టుకైతే ఆ వైరు చివరి క్లిప్పు తగిలించనే కూడదు. సెట్టు అడుగు రేకులో ఉన్న కరెంటు కంప్యూటరు ఎర్తుతో కలిసి పేలుతుంది, మనిషినీ పట్టుకుంటుంది. సెట్టు రాగానే టెస్టరు పెట్టి చూసి చెప్పడం నా పని.

అప్పటినుంచే పిలిస్తే పలకడం మానేశాడు. పలికినా ఊఁ, ఊఁ. కంప్యూటరు మోజులో పెళ్ళాం లోకువైపోయిందని రోజూ దులిపేసేదాన్ని. దానికీ ఊఁ!

మొన్న మధ్యాహ్నం పాత రికార్డు ప్లేయరొకటి వచ్చింది. టెస్టరు పెడితే అడుగు రేకు మీద దీపం వెలిగింది. "ఏవండీ, దీని ఒళ్ళంతా కరెంటే. క్లిప్పు పెట్టకండి!" అన్నాను. తెర మీంచి చూపు తిప్పకుండా "ఊఁ, సరే" అన్నాడు. అంటూనే క్లిప్పు అందుకుని ఆ రేకు దగ్గరికే పోనిచ్చాడు.

"ఆగండీ!" అని గొంతు చించుకున్నాను. వీధిలో పోయేవాడు ఆగి చూశాడు. ఈయన తల తిప్పలేదు. ఒక్క గెంతులో మెయిన్ స్విచ్ కట్టేశాను.

తెర నల్లబడ్డాక గాని నా వైపు చూడలేదు.

"ఇందాక నేనేమన్నాను?" అని మొహంలో మొహం పెట్టి అడిగాను.

క్లిప్పు బల్ల మీద పెట్టాడు. "వినపడక రెండేళ్ళయిందే. పూర్తిగా పోలేదు, కుడిచెవి కాస్త..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెవిటివాడి చేతికి ఆంప్లిఫయరు ఎవరిస్తారే?"

"నేనెవర్నండీ, కస్టమర్నా?" చేతిలో టెస్టరు గోడకేసి కొట్టాను. రెండేళ్ళు నా చేత ఊరికే తిట్టించుకున్నాడు. ఇంకో క్షణమైతే నా కళ్ళముందే పోయేవాడు. ఏం మనిషండీ!

ఇప్పుడు స్విచ్ నా చేతి కింద ఉంటుంది. నా మొహం చూసి, నేను చెప్పింది తిరిగి చెబితేనే కరెంటు. పరువు పోతోందట! పోనీ.

నిన్న ఈ తంతు చూసి కొత్త కస్టమరొకాయన నవ్వాడు. "ఇంతకీ మెకానిక్ ఎవరమ్మా, మీరా?"

నాకు ఒళ్ళు భగ్గుమంది. "ఆయనే! ఆయనంత పనివాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు" అని షాపు దద్దరిల్లేలా అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆయన్ని నలుగురిలో మెచ్చుకోవడం అదే మొదటిసారి. నా మోచేతి పక్కనే వంగి స్క్రూలు బిగిస్తున్నాడు. ఒక్క ముక్కా వినలేదు.