ఏరేసిన గింజలు

నసీమున్నీసా గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే కూలీ. రేషన్ బియ్యంలో రంగు తేడాగా కనిపించే గింజలను ప్లాస్టిక్ బియ్యమని నమ్మి, రోజూ ఏరేసేది. కడుపుతో ఉన్న కోడలు షిరీన్‌కూ అదే నేర్పింది.

షిరీన్ రక్తపరీక్ష ఫలితం చూసిన నర్సు ముఖం చిట్లించింది. "రక్తం బొత్తిగా లేదు. కాన్పు కష్టమవుద్ది. కోడలికి ఏం పెడుతున్నావమ్మా?"

"ప్లాస్టిక్ గింజలన్నీ ఏరి కోళ్లకేస్తున్నానండి. అన్నం శుభ్రంగానే పెడుతున్నా."

"అవి ప్లాస్టిక్ కాదు. రక్తం పట్టాలని ఐరన్ కలిపి చేసిన గింజలు. మీ కోళ్లు మాత్రం బలంగా ఉండుంటాయిలే!"

మర్నాడు నసీమున్నీసా బియ్యం ఏరకుండానే కడగబోయింది. షిరీన్ గిన్నె లాక్కుని చేటలో పోసుకుంది.

"నర్సమ్మ చెప్పింది కదే!"

"పేగులకు అంటుకుంటాయని నువ్వేగా అన్నావు అత్తా? నాకు భయమేస్తోంది."

గింజలు ఏరుతున్న కోడలి పాలిపోయిన గోళ్లనే చూస్తూ ఉండిపోయింది నసీమున్నీసా.