రాగం అయిపోయేదాకా దిగొద్దు

మా మేనత్త పోయింది. ఆ కబురు నాకు ఆస్పత్రి బయట, నా కారు డ్రైవరు సీట్లో ఉండంగానే తెలిసింది. మామ మెట్లు దిగొచ్చి, అద్దం మీద వేలితో కొట్టి, "అబ్బోడా, మీ అత్త ఇంగ రాదు" అన్నాడు. నేను కిందికి దిగలా. నా చూపు పోయి కారులో పాటల సెట్టు మీద పడింది. ఆమె పెన్‌డ్రైవు దానికి గుచ్చినట్టే ఉంది. అందులో ఒక పద్యం సగంలో ఆగిపోయుంది. పద్యాన్ని సగంలో ఆపినోళ్లను ఉతికి ఆరేసే మనిషి, దాన్ని తన చేత్తోనే ఆపి లోపలికి పోయింది. ఆ సంగతి ఎవరికన్నా చెప్పుకోకపోతే నా మనసు నిలిచేట్టు లేదు. అందుకే మీకు చెప్తాండా.

నేను ప్రొద్దుటూరులో కారు బాడుగకు తోలుకునేవాణ్ణి. అత్తది జమ్మలమడుగు దగ్గర, పెన్న పక్కనుండే పల్లె. గొర్రెలు మేపుకునే ఇండ్లు మావి, ఇప్పుడు రోంత శనగ కూడా పెడతాండారు. గొర్రెల ఎనకాల తిరిగీ తిరిగీ మా అత్తకు గొంతు పెద్దదైపోయింది. పక్కనే కూర్చోనున్నోళ్లతో మాట్లాడినా చేని అవతలోళ్లను పిలిచినట్టే ఉండేది. నా కారులో ముందు సీటు ఆమెది. ఆమె ఎక్కితే పెండ్లికొడుకైనా సరే, లేసి ఎనక్కి పోవాల్సిందే. మామ ఎప్పుడూ ఎనక సీట్లో కిటికీ పక్కన, నోరు మెదపకుండా.

పెన్‌డ్రైవును ఆమె పాటల పుల్ల అనేది. వక్కాకు సంచిలో పెట్టుకుని తిరిగేది. కారెక్కుతానే సంచి విప్పి, "ఇదో, పుల్ల గుచ్చు" అని నా చేతికిచ్చేది. దానికి ఎప్పుడూ రవ్వంత సున్నం అంటుకునే ఉండేది. ఆ సున్నం సెట్టు సందులో ఇరుక్కుంటే అగ్గిపుల్లతో గీక్కోలేక చచ్చేవాణ్ణి. "అత్తా, దీనికి మూతుంటాది గదా" అంటే, "మూత పెట్టేదానికి అదేమన్నా ఊరగాయ జాడీనా?" అనేది. ఆమెతో వాదన పెట్టుకుని గెలిచినోణ్ణి నేనైతే చూడలా.

ఆ పుల్లలో సినిమా పాటలుండవు. అన్నీ నాటకం పద్యాలు, పాడింది మా మామ. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల పల్లెల్లో రాజు వేషం కట్టేవాడంట. హార్మోనియం పక్కన నిలబడి ఆయన రాగం తీస్తే జనం "వన్స్ మోర్" అని అరిచి మళ్లా పాడిచ్చుకునేవాళ్లంట. ఎవరో టేపురికార్డరులో పట్టిన క్యాసెట్టును అత్త ఇన్నేండ్లు చీరల పెట్టెలో దాచింది. ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ల అంగడికి నన్నెంటబెట్టుకుని పోయి, అది పుల్లకెక్కేదాకా ఆడ్నే స్టూలేసుకుని కూర్చునింది. అంగడాయన గరగర శబ్దం తీసేస్తానంటే ఒప్పుకోలా. "ఆ గరగర తీస్తే ఆయన దగ్గు కూడా పోతాది, వద్దునాయనా" అనింది.

గొంతు జీరబోయినాక మామ పాడేది మానేసినాడు. క్యాసెట్టులో ఒక్కో పద్యం రాగంతోనే తెగిపోతాది, జనం అరుపులు అందులో ల్యావు. ఆ అరుపు మా అత్త అరిచేది. రాగం ముగిసినాక ఎనక్కి తిరిగి, మామ మొగం మీదికే "వన్స్ మోర్!" అనేది. బస్టాండులో నిలబడినోళ్లు కూడా తిరిగి చూసేటంత గట్టిగా.

"పోయిన గొంతుకు వన్స్ మోరేందే, ఊరికే ఉండు" అని మామ కిటికీ తట్టు తిరిగేవాడు.

"నువ్వు పాడేది మానుకున్యావు సరే. నేను అడిగేది మానుకుంటానా?"

ప్రతిసారీ ఇదే కత. ఆయన పాడిందీ లేదు, ఆమె మానిందీ లేదు.

ఇంగ ఆమె పెట్టిన చట్టం సంగతి చెప్పాల. పద్యం ఎత్తుకుంటే రాగం అయిపోయేదాకా కారులోంచి ఎవురూ దిగగూడదు. ఊరొచ్చినా, ఇల్లొచ్చినా, పైన వాన పడినా సరే. ఒకసారి పులివెందులలో మా దగ్గిరోళ్ల పెండ్లికి పోయినాం. కల్యాణ మండపం ముందర కారు ఆపినా. అప్పటికి పుల్లలో మామ రాగం మధ్యలో ఉండాడు. పెండ్లికూతురోళ్లు ఎదురొచ్చి నిలబడినారు, మేళగాళ్లు వాయిస్తాండారు, మేమేమో అద్దాలెత్తుకుని లోపల్నే కూర్చోనుండాం. రోంతసేపు చూసినారు. మర్యాద తక్కువైందని అలిగినామనుకున్యారు పాపం! పెండ్లికూతురు తండ్రి పరిగెత్తుకుంటా వచ్చి, అద్దం దగ్గర వంగి రెండు చేతులూ జోడించినాడు. "అక్కా, ఏం తప్పు జరిగినా మనసులో పెట్టుకోవద్దు, దిగండి." మా అత్త ఆయన తట్టు చూడను కూడా చూడకుండా చెయ్యెత్తి ఉండమనింది. రాగం ముగిసింది. "వన్స్ మోర్!" అనింది. అప్పుడు తలుపు తీసి, "అలకా లేదు, ఏమీ లేదప్పా. మా ఆయన పాడతాండాడు, అందుకే" అనింది. ఎనక దిగిన ముసలాయన్ను చూసి ఆ తండ్రికి ఏం సమజయిందో దేవుడికే ఎరుక. మామకు మాత్రం సిగ్గుతో చెవులు ఎర్రబడినాయి. అయినా ఆ పొద్దు రెండోతూరి పాయసం అడిగి పోయించుకున్యాడు.

నేను విసుక్కోలేదని చెప్పను. ఒకసారి ఎండలో ఉడికిపోతా అడిగేసినా, "ఇంటికొచ్చినాం గదా అత్తా, రేపు వింటే ఏమి?" అని. ఆమె చెప్పిన మాట నాకిప్పటికీ మనసులో ఉంది. "ఆయన ఊపిరి బిగబట్టి పాడతాంటే మనం తలుపు తీసుకుని పోతామా? వినేటోడు లేసిపోతే పాడేటోడు ఏమైపోవాలబ్బోడా?"

పద్యాల్నే కాదు, మనుషుల్నీ అట్లే వినేది. పక్కింటామె తన కోడలి గొడవ చెప్పుకుంటా ఏడుస్తాంటే, పొయ్యి మీద పప్పు మాడిపోయినా మా అత్త లేయలా. పక్కింటామె కండ్లు తుడుచుకుని, ముక్కు చీదుకుని, ఇంగ చెప్పేదేమీ లేదన్నాకే అత్త లేసింది. ఆ పొద్దు ఇంటిల్లిపాదీ మాడిన పప్పే తినింది. నేను నానా రకాల మనుషుల్ని కారులో తోల్తాంటా, నిజం చెప్తాండా, అట్ల వినే మనిషిని నేను మళ్లా చూడలా.

నా కారు సెట్టుకు ఒక గుణముంది. పాటను సగంలో ఆపితే యాడ ఆపినామో గుర్తు పెట్టుకుంటాది. మళ్లా బొత్తాం నొక్కితే సరిగ్గా ఆన్నుంచే ఎత్తుకుంటాది. అత్తకు నేనే చెప్పినా ఆ సంగతి. "పర్వాలేదే, దీనికీ బుద్ధుంది" అని మెచ్చుకునింది.

ఆమె పోయిన పొద్దు, కడుపునొప్పని ఆమెను ప్రొద్దుటూరు ఆస్పత్రికి తోల్కపోయినా. దావంతా పద్యాలే. గేటు కాడికొచ్చేసరికి పుల్లలో మామ అప్పుడప్పుడే రాగం అందుకుంటాండాడు. "అయిపోనీలే అత్తా, డాక్టరు యాడికీ పోడు" అన్నా. ఆమె ఎనక్కి తిరిగి మామను చూసింది. ఆయన అప్పటికే తలుపు పిడి మీద చెయ్యేసి, ఎప్పుడెప్పుడు లోపలికి తోల్కపోదామా అని చూస్తాండాడు. ఆమె తనే చెయ్యి చాపి సెట్టు ఆపేసింది.

"ఆయనకు భయమైతాందిరా. మిగతాది తిరిగొచ్చేటప్పుడు విందాం. పుల్ల తీయొద్దు" అనింది.

దినాలైనాక కూడా నేను సెట్టు ముట్టలేదు. బాడుగకు ఎక్కినోళ్లు పాటలెయ్యమంటే చెడిపోయిందని చెప్పేవాణ్ణి. మామకు చెప్పినా, "మామా, మిగతా సగం అట్లే ఉంది, విందామా?" అని. ఆయన తల అడ్డంగా ఊపినాడు. "వద్దురా. వినేస్తే అయిపోతాది" అన్నాడు.

అట్లే ఉంచేటోళ్లమే. బ్యాటరీ ఉండనియ్యలా. ఒక పొద్దున తాళం తిప్పితే బండి మూలిగింది. మెకానిక్కును అడిగితే మార్చాల్సిందే అన్నాడు. "బ్యాటరీ తీస్తే సెట్టు గుర్తు పెట్టుకున్నది పోతాదా?" అన్నా. "పోతాదన్నా, మళ్లా మొదటి పాటకు పోతాది. దాందేముంది, నొక్కుకుంటా పోతే మీ పాట వస్తాది గదా" అన్నాడు. పద్యం యాడికీ పోదు, నిజమే. ఆమె ఆపిన చోటు పోతాది. ఆ చోటును మళ్లా నేనెక్కడ వెతుక్కునేది?

నలుగురి చేత నెట్టిచ్చి బండి స్టార్ట్ చేసి, ఎక్కడా ఆపకుండా జమ్మలమడుగు దావ పట్టినా. పల్లెలో ఇంటి ముందర నిలిపి, ఇంజను ఆపకుండానే మామను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పినా. "ఈ పొద్దు వినకపోతే ఇంగ ఆ చోటుండదు మామా. నీ ఇష్టం."

ఆయన అరుగు మీద తువ్వాలు మడతపెట్టినాడు, మళ్లా విప్పినాడు. లేసొచ్చి కారు తలుపు తీసినాడు. ముందు సీటు ఖాళీగా ఉన్నా, ఎనక కిటికీ పక్కనే కూర్చున్యాడు.

నేను బొత్తాం నొక్కినా. రాగం ఏ ఊపిరి మీద తెగిందో ఆ ఊపిరి మీదే లేసింది. పడుచు గొంతు, గట్టి గొంతు. అద్దంలో చూస్తే మామ కండ్లు మూసుకుని, ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకోనుండాడు. రాగం పైకి పోయి, తిరిగి, నెమ్మదిగా కిందికి దిగి ఆగిపోయింది. ఇంకో పద్యం ఎత్తుకునేలోపల నేను సెట్టు ఆపేసినా.

ముందు సీట్లోంచి వన్స్ మోర్ అని ఎవురూ అన్లా. నాకు ఏడుపు ఆగలా, ఏడ్సినా.

అప్పుడు ఎనక నుంచి మామ గొంతు సవరించుకున్యాడు. ఆ పద్యాన్నే మొదటి నుంచి ఎత్తుకున్యాడు. గొంతు చీలిపోతాంది, యాడ పడితే ఆడ ఊపిరి తెగిపోతాంది. ఆగతాండాడు, మళ్లా అందుకుంటాండాడు. పక్కింటామె మాకేమైందోనని గాబరాగా వచ్చి, అద్దం దగ్గర వంగి, "ఏందప్పా, దిగరా?" అనింది.

నేను ఆమె తట్టు చూడకుండా చెయ్యెత్తి ఉండమన్నా. రాగం ఇంకా అయిపోలా.