నీళ్లు తాగకూడని జట్టు

ఆట మొదలుకావలసిన సమయం మధ్యాహ్నం రెండు గంటలు. నెల ఏప్రిల్. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు ఎనభై అయిదు అడుగులు, వెడల్పు నలభై ఆరు, పరిచిన బండల మందం అంగుళంన్నర. అంతకు ముందు వారం అదే వేళకు థర్మామీటరును బండ మీద పెట్టి చూశాను. నూట ముప్పై డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలిచింది. తరువాత చెప్పులు విడిచి నేనే నడిచాను. ఒక రింగు కింద నడకగా బయలుదేరినవాణ్ని రెండో రింగు చేరేసరికి పరుగెత్తుతున్నాను. వికారాబాద్ కాలేజీ జట్టు వట్టి కాళ్లతో ఆడుతుందని నాకు తెలుసు. ఆ వేళను నేనే ఎంచుకున్నాను.

బాస్కెట్‌బాల్ కోర్టుకు బండలు పరవడం ఇతర ఊళ్లవారికి వింతగా తోచవచ్చు. తాండూరులో ఇంటి నేల బండ, గోడ బండ, అలమర అర బండ, పశువుల తొట్టి బండ. అక్కడి కాలేజీవారు కోర్టు వేయాలనుకున్నప్పుడు సిమెంటు మాట ఎవరి నోటా రాలేదు. గనుల యజమానులు తలా కొన్ని బండ్ల రాయి పంపారు. అప్పటికి నేను సివిల్ డిప్లొమా ముగించి ఆ గనుల్లోనే ఓవర్సియర్‌గా ఉన్నాను. మేస్త్రీలు అలవాటు కొద్దీ నునుపు వైపు పైకి పెట్టబోతే ఆపి, గరుకు వైపు పైకి వచ్చేటట్లు వేయించాను. కోర్టు వేయించినవాడు ఆటగాడని తెలిశాక, సాయంత్రాలు విద్యార్థులకు ఆట నేర్పే పని కూడా నాకే అప్పగించారు.

వికారాబాద్ జట్టును నడిపే డ్రిల్ సార్ దగ్గర, ఆ కాలేజీలో చదివేటప్పుడు, నేను రెండేళ్లు ఆడాను. 1948 తరువాత నిజాం ఫౌజు రద్దయినప్పుడు బయటికి వచ్చి, మా కాలేజీలో చేరిన మనిషి ఆయన. ఆట ఆయనకు కవాతులో ఒక భాగం. బంతిని రొమ్ము దగ్గర రెండు చేతులతో పట్టి, రెండు కాళ్లు నేల మీద ఆనించి వేయాలి. ఎవడికి ఏ చోటు ఇస్తే వాడు ఏడాదంతా ఆ చోటు విడవకూడదు. బూట్లు వేసుకుంటే పాదం మెత్తబడుతుంది. ఆట ముగిసిన గంట వరకు నీళ్లు ముట్టుకోకూడదు.

“నీళ్లు తాగి ఉరికేటిది బర్రె,” అనేవాడు. “గుర్రం ఉరికినంక తాగుతది. మీరు బర్రెలా, గుర్రాలా?”

“గుర్రాలం, సాబ్,” అని నాలుక పిడచగట్టుకుపోయిన మేమందరం అరిచేవాళ్లం.

ఆ కాలంలో కాలేజీ జట్టంటే పటేళ్ల, పట్వారీల ఇళ్ల నుంచి వచ్చిన పొడవాటి కుర్రవాళ్లు. ధారూర్, బంట్వారం వైపు నుంచి వచ్చిన మావంటివాళ్లం సంఖ్య నింపడానికి ఉండేవాళ్లం. నేను పొడగరిని కాను, నాకున్నది గురి. రెండు చేతుల బలం ఎన్నడూ సమానం కాదు, ఆ తేడా ఎంతో బంతి అంత పక్కకు పోతుంది. ఒక చేయి తోసి, రెండో చేయి ఊరికే ఆనించి వదిలితే ఆ దోషం తొలగుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. సాధన చేస్తూ కనిపెట్టాను. హైదరాబాద్ పోటీలకు ముందు రోజు అభ్యాసపు ఆటలో అలాగే వేసి మా పక్షాన్ని గెలిపించాను.

ఆ పోటీలు నాకు ఆట మాత్రమే కాదు. రైల్వేవారు అక్కడికి వచ్చి, బాగా ఆడినవారికి ఉద్యోగాలు ఇచ్చేవారు. అంతకు ముందు ఏడు మా జట్టు నుంచే ఇద్దరిని తీసుకున్నారు. మా బాపు ధారూర్‌లో ఒక పెద్దరైతు దగ్గర జీతానికి ఉండేవాడు. నాకు ఉద్యోగం వస్తే జీతం మానేస్తానని ఆ రైతుకు ముందే చెప్పేశాడు.

వికారాబాద్ స్టేషనులో రైలు కదలడానికి కొంచెం ముందు డ్రిల్ సార్ నన్ను కిందికి దిగమన్నాడు.

“నిన్న ఎన్ని ఏసినవ్?”

“ఏడు, సాబ్.”

“ఎన్ని చేతులతోటి?”

“ఒక్క చేత్తోటి, సాబ్.”

“ఒక్క చెయ్యి చాపేటోడు ఎవడ్రా? బిచ్చమెత్తుకునేటోడు. నా జట్ల బిచ్చపోళ్లు లేరు. బనీను ఇప్పు.”

ప్లాట్‌ఫారం నిండా జనం ఉన్నారు. జట్టు బనీను విప్పి ఇచ్చాను. దాన్ని తలుపు దగ్గర నిలబడిన మరో కుర్రవాడి మీదికి విసిరి ఆయన ఎక్కాడు. నా చొక్కా జట్టు పెట్టెలో ఉంది, పెట్టె రైల్లో ఉంది. ఆ పగలే ప్యాసింజరులో ఒంటి మీద చొక్కా లేకుండా ధారూర్‌లో దిగాను.

“రైలెక్కలేదారా?” అన్నాడు బాపు.

“ఎక్కనియ్యలే.”

ఆయన ఇంకేమీ అడగలేదు. రైతు మాత్రం చాలా రోజులు అడిగాడు: “ఏమాయె, నీ కొడుకు రైలు నడుపుతుండట గద?”

ఆట మారుతూ వచ్చింది, డ్రిల్ సార్ మారలేదు. అరవైలు వచ్చేసరికి హైదరాబాద్‌లో ఒంటిచేతి షాట్ మామూలైంది, ఎగిరి వేయడం మొదలైంది, కాన్వాసు బూట్లు దుకాణాల్లో దొరుకుతున్నాయి, కోచింగులో డిప్లొమా చేసినవారు వస్తున్నారు. తాండూరులో నా జట్టులో పెద్దేముల్ వైపు గొర్ల కాపరుల కొడుకులు ఇద్దరు ఉండేవారు. గుట్టల మీద తిరిగిన ఆ పాదాలకు ఎవరూ చోటు కేటాయించనక్కరలేదు. ఖాళీ ఎక్కడుందో వాటికి తెలిసేది. ఎవడి ఒంటికి ఏది కుదిరితే అలా వేయనిచ్చాను. అందరికీ కాన్వాసు బూట్లు తొడిగించాను, ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు మధ్యమధ్య తాగించాను.

డ్రిల్ సార్‌ను ఆటకు పిలవడానికి నేనే వికారాబాద్ వెళ్లాను. నన్ను ఆయన గుర్తుపట్టలేదు. పొద్దుటి బండికి వచ్చి సాయంత్రం బండికి పోవాలంటే నడుమ మధ్యాహ్నం రెండింటి వేళే కుదురుతుందని చెప్పాను. ఎండ తగ్గాక ఆడి రాత్రి బండికి పోవచ్చు. ఆ మాట నేను అనలేదు, ఆయన అడగలేదు.

“బండలు కాల్తయి, సాబ్. పోరగాండ్లకు బూట్లు తెచ్చుకోమనుండ్రి,” అని ఆయన జట్టు వినేటట్లు అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. “తాండూర్ రాయి చూసి మేం పరేషానైతమా? రాయే మా కాళ్లకు భయపడాలె!”

ఆయన ఆ మాటే అంటాడని నాకు తెలుసు. హెచ్చరించినవాడి మీద తప్పు నిలవదు.

రెండు గంటలకు ఆట మొదలైంది. మా వాళ్లకు నేను చెప్పింది ఒక్కటే: బంతిని నిదానంగా తిప్పండి, వాళ్లను నిలబెట్టండి. ముప్పై సెకన్లలో బంతి వేయాలన్న నియమం అప్పటికే పుస్తకంలో ఉంది. మా ఆటల్లో గడియారం పట్టి చూసేవాడు లేడు. మా వాళ్లు బంతి తిప్పారు. తమకిచ్చిన చోట్లు విడవకూడని ఆ అయిదుగురూ, కాలు మార్చి కాలు ఎత్తుతూ, కాగిన రాతి మీద నిలబడ్డారు. చూడవచ్చిన గని కూలీల్లో ఒక ఆవిడ, వాళ్ల కాళ్లు కాలుతున్నాయని కన్నడంలో జాలిపడింది: “పాప, కాలు సుడ్తావ్ నోడ్రి!”

సగం ఆట ముగిసింది. తడక నీడలో నాలుగు కుండలు పెట్టించాను. రెండు జట్లకూ అవే నీళ్లని అందరికీ వినబడేటట్లు చెప్పాను. మా వాళ్లు తాగుతున్నారు. వికారాబాద్ జట్టు ఎండలో వరుసగా నిలబడి ఆ లోటాల వైపు చూస్తోంది.

“ఎవడన్న ముట్టుకున్నడా, వాడు జట్ల లేడు,” అన్నాడు డ్రిల్ సార్.

“తాగం, సాబ్. జర కాళ్లమీదన్న పోసుకుంటం,” అన్నాడు వాళ్ల కెప్టెన్.

“నిలబడు!”

కెప్టెన్ కొంతసేపు నిలబడ్డాడు. “గట్లయితే నేను జట్ల లేను, సాబ్,” అని, మడమల మీద నడుస్తూ కుండ దగ్గరికి వచ్చాడు. సగం తాగి సగం పాదాల మీద కుమ్మరించుకున్నాడు. అతని వెనుక ఒకడు, వాడి వెనుక ఇద్దరు, ఆ తరువాత అందరూ వచ్చారు. తోపులాటలో కుండలు దొర్లాయి. డ్రిల్ సార్ బెత్తం పట్టుకుని ఖాళీ అయిన వరుస ముందు ఒక్కడే మిగిలాడు. ఆ దృశ్యాన్ని నేను తొందరపడకుండా, పూర్తిగా చూశాను.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. “ఆట బంద్ చేయి.”

“ఇంక ఇరవై నిమిషాలున్నయి, సాబ్.”

“నువ్వెవర్రా?”

“ఎనుకట మీ జట్ల ఒక్క చేత్తోటి ఏసినోణ్ని. స్టేషన్ల బనీను ఇప్పిచ్చిండ్రు.”

“యాదికి లేదు. గసొంటోళ్లను మస్తుమందిని తీసేసిన.”

ఆ జవాబు నన్ను ఆపలేదు, మరింత గట్టిపరిచింది. మా కాపరి కుర్రవాడొకడు తన బూట్లు విప్పి వాళ్ల కెప్టెన్‌కు ఇవ్వబోతుంటే, “ఆట అయినంక ఇయ్యి,” అన్నాను. మధ్యలో వదిలితే ఓడినట్టే లెక్క గనక, వాళ్లు తడి తువ్వాలు పీలికలు కాళ్లకు చుట్టుకుని చివరిదాకా ఆడారు. మా వైపు కోచింగు ఎప్పుడు మారిందని ఎవరైనా అడిగితే, శిబిరాల గురించీ డిప్లొమాల గురించీ చెప్పను. ఆ మధ్యాహ్నం గురించి చెబుతాను.

మిగిలిన లెక్క ఇది. తాండూరు యాభై రెండు, వికారాబాద్ పదిహేడు. వికారాబాద్ జట్టులో ఆరుగురి అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఒకడికి చీము పట్టి, ఆ ఏడు పరీక్ష పోయింది. డ్రిల్ సార్ సెలవుల తరువాత ఉద్యోగంలో లేడు. ఆ కాలేజీ మూడేళ్లు తాండూరుకు జట్టును పంపలేదు. బూట్లు ఇవ్వబోయిన కుర్రవాడు, “గిట్ల గెలుసుడు నాతోని కాదు, సార్,” అని మరుసటి వారం నుంచి రావడం మానేశాడు. అతనంతటి ఆటగాడు నాకు మళ్లీ దొరకలేదు. రెండు కుండలు పగిలాయి.